శుక్రవారం రెండు దీపాలు

హైదరాబాద్ నుంచి నలభై నాలుగేళ్ళ పాఠకురాలు ఒకరు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. మొత్తం అచ్చు వేసే చోటు లేదు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆమె నాన్నగారిది భీమవరం పక్క పల్లె. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేశారు. అమ్మ ముంబయి పక్కన ఠాణా అనే ఊళ్ళో పుట్టారు, నర్సు. ఆవిడ యూదులు. కొంకణ తీరంలో తరతరాలుగా ఉంటూ మరాఠీ మాట్లాడే బెనే ఇజ్రాయెల్ కుటుంబం. ఇద్దరిదీ ప్రేమపెళ్ళి. నాన్న వైపు వాళ్ళు మనవలు పుట్టాక మెత్తబడ్డారు. అమ్మ వైపు వాళ్ళు మెత్తబడలేదు, కొన్నాళ్ళకు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. పిల్లలకు అమ్మ చెప్పిందల్లా ‘మేం బొంబాయి వైపు వాళ్ళం’ అని మాత్రమే.

కానీ ఇంట్లో కొన్ని పట్టింపులుండేవి. భీమవరం నుంచి బంధువులు థర్మోకోల్ పెట్టెలో రొయ్యలు పంపిస్తే అమ్మ పక్కింటికి ఇచ్చేసేది. అడిగితే ‘నాకు పడవు’ అనేది. శీలావతి, బొచ్చె, కొరమీను వండేది గానీ వాలుగ చేపను గడప దాటనిచ్చేది కాదు. మాంసం వండిన పూట పెరుగు గిన్నె బయటికి వచ్చేది కాదు, చివర్లో పెరుగన్నం లేకుండా భోజనమేమిటని నాన్న సణిగేవారు. పేరంటాలకు వెళ్ళేది, తాంబూలం తీసుకునేది, ప్రసాదం మాత్రం కూతురి చేతిలో పెట్టేసేది. ప్రతి శుక్రవారం చీకటి పడకముందే భోజనాల బల్ల మీద రెండు నూనె దీపాలు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని ఒక నిమిషం పెదాలు కదిపేది. శుక్రవారం కాబట్టి అందరూ లక్ష్మీదేవికి అనుకున్నారు. ‘డ్యూటీ చేసి వచ్చి కూడా ఎంత నియమమో’ అని కాలనీలో మెచ్చుకునేవారట.

పది నెలల కిందట, కార్తీకంలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ పోయారు. నాన్న అప్పటికే లేరు. దహనం చేశారు, పెద్దకర్మ చేశారు. నెల తర్వాత బీరువా సర్దుతుంటే, కలరా ఉండల వాసన కొట్టే పాత తువ్వాలులో చుట్టిన ప్రార్థనల పుస్తకం దొరికింది. ఒక పేజీ హీబ్రూ, ఎదురు పేజీ మరాఠీ. చివరి అట్ట లోపల అమ్మ చేతిరాతతో పది పన్నెండు పంక్తులు. ఫేస్‌బుక్‌లో వెతికితే మేనమామ కూతురు ఇజ్రాయెల్‌లోని అష్దోద్‌లో దొరికింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ ఇంట్లో జరిగినవాటికి పేర్లున్నాయని. యూదులు దహనం చెయ్యరని, ఖననమే చేస్తారని కూడా తెలిసింది. ఆ రాత్రి నిద్రపోలేదని రాశారు.

ఆరు నెలలుగా శుక్రవారం సాయంత్రాలు ఆమె వాష్ ఏరియాలో, వాషింగ్ మెషీన్ మీద స్టీలు పళ్ళెం పెట్టి, రెండు ప్రమిదలు వెలిగిస్తున్నారు. ఒకరోజు భర్త చూశారు. ‘ఈ వయసులో మతం మారతావా? పిల్లల్ని కూడా మారుస్తావా? రేపు సంబంధాలు ఎలా వస్తాయి?’ అన్నారు. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, పాపకు పదకొండేళ్ళు. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు, ఇప్పటిదాకా ఏమీ అనలేదు. అష్దోద్ బంధువు ‘వచ్చెయ్, ఇక్కడే ఉండొచ్చు’ అంటోంది.

ఇక ఆమె మాటల్లోనే: “చిన్నప్పటి నుంచి గుడికి వెళ్తున్నాను. చెప్పులు ఎక్కడ వదిలానా అన్న ధ్యాస తప్ప నా లోపల ఏమీ జరగలేదు. దేవుడున్నాడని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కానీ ఆ దీపాల ముందు కళ్ళు మూసుకుంటే ఏడుపొస్తోంది. ఇది భక్తా, అమ్మ మీద బెంగా? నేను యూదురాలినా, నాటకమాడుతున్నానా? వరలక్ష్మీ వ్రతం చేసుకుంటూ ఇదీ చేసుకోవచ్చా?”

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ రొయ్యల దగ్గర ఆగిపోయాను. భీమవరం కోడలు అయ్యుండి ముప్పై నలభై ఏళ్ళు రొయ్య ముట్టకుండా, ఎందుకో ఎవరికీ చెప్పకుండా నెట్టుకురావడం చిన్న విషయం కాదు. యూదుల ఆహార నియమాల్లో చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. శీలావతికీ బొచ్చెకూ కొరమీనుకూ ఉన్నాయి. వాలుగకు పొలుసులు లేవు. రొయ్యకు రెండూ లేవు. కొంకణంలో నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం మాత్రం గానుగ ఆపేసే మనుషులను ఊరివాళ్ళు ‘శనివార తేలీలు’ అనేవారు. తేలీ అంటే మన తెలికలవాళ్ళ లాంటివాళ్ళు. వాళ్ళు నిజంగా యూదులేనా అని బయటినుంచి వచ్చిన డేవిడ్ రహాబీ అనే యూదుడు పరీక్ష పెట్టాడని, రకరకాల చేపలు కలిపి ఇస్తే ఆడవాళ్ళు పొలుసులు లేనివి ఏరి పక్కన పెట్టారని ఆ సమాజంలో ఒక కథ చెప్పుకుంటారు. మీ అమ్మగారు ఆ పరీక్ష సికింద్రాబాద్ చేపల మార్కెట్‌లో వారం వారం రాశారు.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను యూదురాలిని కాను. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు బొంబాయి బైకుల్లాలో ఉన్నాం. కింది వాటాలో బెనే ఇజ్రాయెల్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఆంటీ దగ్గర కూర్చుని నేర్చుకున్నది, తర్వాత చదువుకున్నది, అంతే నా పెట్టుబడి. ధర్మశాస్త్రం తేల్చాల్సినవి రబ్బీనే, అంటే యూదు మతగురువునే అడగండి.

‘నేను యూదురాలినా’ అన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికంటే తేలికైంది. సంప్రదాయ యూదు ధర్మంలో తల్లి యూదురాలైతే బిడ్డ యూదురాలే. తండ్రి ఎవరు, ఏ పేరు పెట్టారు, ఏ గుడికి తిప్పారు అనేవి దాన్ని మార్చవు. బెనే ఇజ్రాయెల్ వాళ్ళు అసలు యూదులేనా అని ఇజ్రాయెల్‌లో ఒకప్పుడు పేచీ పెట్టారు. వాళ్ళు రోడ్డెక్కి పోరాడాక 1964లో అక్కడి ప్రభుత్వం అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. కాబట్టి ‘మతం మారడం’ అన్న మాట మీకు అసలు పొసగదు. ఎవరైనా కాగితం అడిగితే అమ్మగారి తల్లిదండ్రుల పెళ్ళి ఒప్పంద పత్రం, ఠాణా సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరం) పాత నమోదులు పనికొస్తాయి. ఠాణా సినగాగ్ 1879 నాటిది. ముంబయి చుట్టుపక్కల యూదులు ఇప్పుడు ఎక్కువగా ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అదే లెక్కన మీ పిల్లలు కూడా యూదులే. మీవారి భయం అక్కడే ఉంది, ఆయనకు ఆ నియమం తెలియకపోయినా. ఈ ముక్కను ఆయనతో మాట్లాడేటప్పుడు మొదటి వాక్యంగా మాత్రం అనకండి.

దహనం గురించి. యూదులు ఖననమే చేస్తారన్నది నిజమే, దాన్ని నేను చిన్నది చెయ్యను. కానీ అమ్మగారు ఎంతోకాలం మంచం మీద ఉన్నారని, స్పృహలోనే ఉన్నారని మీరే రాశారు. ‘నన్ను పాతిపెట్టండి’ అనడానికి ఆవిడకు సమయం ఉంది. అనలేదు. మీ నాన్నగారు వెళ్ళిన దారినే వెళ్దామనుకున్నారో, కూతురికి చిక్కు పెట్టకూడదనుకున్నారో, నర్సుగా చావును చాలా చూసి దానికంత పట్టింపు ఇవ్వలేదో మనకు తెలియదు. మీరు తెలిసి చేసింది కాదు, ఆవిడ కోరితే కాదన్నదీ కాదు. దహనమైనవాళ్ళ కోసం కూడా స్మరణ ప్రార్థనలు చేయవచ్చని చెప్పే రబ్బీలు చాలామంది ఉన్నారు. ఒకరినైనా నేరుగా అడగండి. రాత్రి రెండింటికి ఇంటర్నెట్‌ను అడగకండి.

ఇంకో రెండు నెలల్లో సంవత్సరీకం వస్తోంది కదా. మనం తద్దినం తిథి ప్రకారం పెట్టినట్టే వాళ్ళూ హీబ్రూ తేదీ ప్రకారం పాటిస్తారు. వాళ్ళ నెల కూడా అమావాస్య దాటగానే మొదలవుతుంది. అధిక మాసాలు కూడా ఉన్నాయి, పంతొమ్మిదేళ్ళలో ఏడు. తేడా ఎక్కడంటే, రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అమ్మగారు రాత్రి ఎనిమిదిన్నరకు పోయారు కాబట్టి వాళ్ళ లెక్కలో అది మర్నాటి తేదీ. ఇంగ్లీషు తేదీని హీబ్రూలోకి మార్చే ఉచిత క్యాలెండర్లు నెట్‌లో ఉన్నాయి, ‘సూర్యాస్తమయం తర్వాత’ అన్న గడిలో టిక్ పెట్టడం మర్చిపోకండి. ఆ రోజు ముందు సాయంత్రం వెలిగించిన దీపం ఇరవై నాలుగు గంటలు ఉండాలి. పెద్ద ప్రమిద, నిండా నూనె, గాలి తగలని చోటు.

‘భక్తా, బెంగా’ అన్నారు. ఆ రెంటినీ ఇప్పుడే విడదీయాలని ఎందుకు కంగారు? తల్లిదండ్రుల కోసం చెప్పే కద్దీష్ అనే ప్రార్థన యూదులకు ఉంది. పదకొండు నెలలు చెబుతారు. విచిత్రం ఏమిటంటే అందులో చావు ఊసే లేదు, పోయినవాళ్ళ పేరు లేదు, మొత్తం దేవుణ్ణి పొగడడమే. దాన్ని ఒంటరిగా చెప్పకూడదు, పదిమంది ఉండాలి. ఏళ్ళ తరబడి సినగాగ్ మొహం చూడనివాళ్ళు తండ్రి పోయాక ఆ పదిమంది కోసం వచ్చి, తర్వాత అక్కడే ఉండిపోవడం ఆ సమాజంలో అందరికీ తెలిసిన సంగతి. ఏడుపుతో లోపలికి వచ్చారని వాళ్ళను ఎవరూ తక్కువ చెయ్యరు. మీరూ చేసుకోకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. అమ్మ మీకు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయిందన్న కోపం మీ ఉత్తరంలో తొమ్మిదో పేజీ నుంచి పొగలా వస్తోంది. ‘నా నుంచి దాచింది’ అని నాలుగుసార్లు రాశారు. ఆ కోపం ఉండొచ్చు. కానీ అమ్మ వదిలేసిందంతా నేను రెట్టింపు చేసి చూపిస్తానన్న పట్టుదలతో మొదలుపెడితే మాత్రం అది అమ్మతో వాదనే అవుతుంది, ఆవిడేమో బదులు చెప్పలేరు. నాకైతే ఆవిడ దాచినట్టు అనిపించలేదు. భోజనాల బల్ల మీద, అందరి కళ్ళముందు వెలిగించారు కదా. ఎవరూ అడగలేదు.

ఇక నమ్మకం. ‘దేవుడున్నాడని గట్టిగా చెప్పలేను’ అని చాలా మొహమాటపడుతూ రాశారు. దేవుడు యూదులకు ధర్మశాస్త్రం ఇచ్చిన సీనాయి కొండ దగ్గర జనం ఇచ్చిన జవాబు హీబ్రూలో ‘నఆసె వెనిష్మా’. అంటే ‘చేస్తాం, వింటాం’. వినడం, అర్థం చేసుకోవడం తర్వాత వచ్చింది. ముందు చేస్తాం అన్నారు. ఆ వరస మీద యూదు పండితులు వందల ఏళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మీకు మీ నాయనమ్మ ముగ్గు ఎలా నేర్పింది? ముందు చుక్కలు పెట్టించింది. ఎందుకు పెట్టాలో అప్పుడు చెప్పిందా? నమ్మకం తేలేదాకా దీపం వెలిగించనని కూర్చుంటే మీకు ఆ రెండూ దొరకవేమోనని నా భయం.

ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అనే జర్మన్ తత్వవేత్త గురించి మీకు చెప్పాలి. బాగా చదువుకున్నవాడు, యూదు ఇంట్లో పుట్టినా ఆ మతం గురించి పెద్దగా తెలియనివాడు. 1913లో క్రైస్తవంలోకి వెళ్దామని నిర్ణయించుకున్నాడు. వెళ్ళేముందు యూదుడిగానే ఆ గడప దాటాలనుకుని బెర్లిన్‌లో ఒక చిన్న సినగాగ్‌లో యోమ్ కిప్పూర్ ప్రార్థనకు, అంటే ప్రాయశ్చిత్త దినం ఉపవాసానికి వెళ్ళాడని చెబుతారు. ఆ తర్వాత మారడం మానుకున్నాడు. లోపల ఏం జరిగిందో ఎక్కడా విడమరిచి చెప్పలేదు. 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దవాళ్ళ కోసం ఒక పాఠశాల నడిపాడు. హీబ్రూ అక్షరం రాని డాక్టర్లూ వ్యాపారులూ వచ్చి కూర్చునేవారు. పొద్దుటి ప్రార్థనలో చేతికీ నుదుటికీ కట్టుకునే తోలు పెట్టెలు ఉంటాయి, తెఫిలిన్ అంటారు. ‘మీరు కట్టుకుంటారా’ అని ఎవరో అడిగితే ‘ఇంకా లేదు’ అన్నాడని చెబుతారు. అవుననీ కాదు, కాదనీ కాదు. మీకు ఈ ‘ఇంకా లేదు’ బాగా పనికొస్తుంది. ‘శనివారం పని మానేస్తావా?’ ఇంకా లేదు. ‘హీబ్రూ వచ్చా?’ ఇంకా లేదు. మీవారితో కూడా ఇదే నిజాయితీగా చెప్పొచ్చు.

హీబ్రూ అంటే భయం వద్దు. ఇరవై రెండే అక్షరాలు. మన గుణింతాలూ ఒత్తులూ దాటి వచ్చినవాళ్ళకు అదొక లెక్కా? కుడి నుంచి ఎడమకు రాస్తారు, ఉర్దూ బోర్డుల మధ్య పెరిగిన హైదరాబాదీకి అదీ కొత్త కాదు. రబ్బీ అకీవా అంతటి పండితుడు నలభై ఏళ్ళ వయసులో కొడుకు పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాడట. మీరు నాలుగేళ్ళు ఆలస్యం, అంతే.

మీ ముందు ఏయే దారులున్నాయో, ఒక్కోదానికి ఖరీదెంతో చూద్దాం.

ఇప్పుడు చేస్తున్నదే ఇంట్లో, మీ వరకు చేసుకోవడం ఒక దారి. దానికి నేను అడ్డు చెప్పను గానీ వాష్ ఏరియా మాత్రం వదిలేయండి. దొంగచాటుగా చేసేది ఏదైనా ఇంట్లోవాళ్ళ కంటికి తప్పులాగే కనిపిస్తుంది. ఈ దీపాలకు పూజగది అక్కర్లేదు, అవి ఉండాల్సింది భోజనం చేసే చోటే. కాబట్టి అత్తగారి దేవుడి మూలతో మీకు తగువు లేదు. అమ్మగారు పెట్టినట్టే బల్ల మీద పెట్టండి. సూర్యాస్తమయానికి ఓ పావుగంట, ఇరవై నిమిషాల ముందు వెలిగించాలి. మన హైదరాబాద్‌లో సూర్యాస్తమయం చలికాలంలో ఐదూ నలభైకే, ఎండాకాలంలో దాదాపు ఏడింటికి. అది పేపర్లో చూసుకోవచ్చు. కళ్ళెందుకు మూసుకుంటారో మీరు అడిగారు. దీవెన చదివితే షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా ఉండే విశ్రాంతి దినం, మొదలైపోయినట్టే, ఆ తర్వాత నిప్పు ముట్టకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్ళు మూసుకుని దీవెన చెప్పి, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు కళ్ళు తెరుస్తారు. ఇది ఒక వివరణ. ఆ దీపాలను ఊది ఆర్పకూడదు, వాటంతటవే కొండెక్కాలి.

కోషర్ వైన్, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపడే వైన్, ఎక్కడ దొరుకుతుందని నెట్‌లో వెతుకుతున్నారట. మా కింది వాటా ఆంటీ నల్ల ఎండుద్రాక్ష పొద్దున నీళ్ళలో నానబెట్టి, సాయంత్రం చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టేది. బెనే ఇజ్రాయెల్ ఇళ్ళల్లో షబ్బాత్‌కు ఆ షర్బత్‌తోనే దీవెన చెప్పుకుంటారు. చపాతీ మీద గుడ్డ కప్పి పెట్టేది. ఎలియాహు ప్రవక్త పేరు మీద మొక్కుకున్నప్పుడు మలీదా చేసేది. మన సద్దుల బతుకమ్మ మలీద ముద్దలు అనుకునేరు, పేరే ఒకటి, వంటకం వేరు. అటుకులు కొద్దిగా తడిపి, పచ్చికొబ్బరి కోరు, చక్కెర, యాలకుల పొడి, జీడిపప్పు కలిపి పళ్ళెంలో గోపురంలా పోసి, చుట్టూ పళ్ళు, పైన గులాబీ రేకులు. చంటిపిల్లాడికి జ్వరం తగ్గిందని ఒకసారి చేసి పై వాటాలన్నిటికీ పంచింది. ఆ పళ్ళెం చూస్తే మీ అత్తగారికి పరాయిది అనిపించదు.

ఈ దారికి ఉన్న చిక్కు ఏమిటంటే, ఇంట్లో ఒంటరిగా చేసుకునే యూదు మతం కొన్నాళ్ళకు అమ్మ ఫొటోకు వేసే దండలా మిగులుతుంది. అది కూడా చాలనుకుంటే చాలు. మీ ఉత్తరం చూస్తే చాలదనిపిస్తోంది.

రెండోది, మనుషుల దగ్గరికి వెళ్ళడం. దేశం మొత్తం మీద యూదులు నాలుగైదు వేలకు మించరు. రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి పుణె. క్యాంప్ ప్రాంతంలో ఎర్ర ఇటుకల సినగాగ్ ఉంది, 1867లో కట్టింది, ఊరంతా లాల్ దేవళ్ అంటారు. ముంబయిలో 1796 నాటి షార్ హరహమీమ్ ఉంది, బెనే ఇజ్రాయెల్ వాళ్ళ మొదటి సినగాగ్. ఇవి సంప్రదాయ పద్ధతివి, ఆడవాళ్ళు విడిగా కూర్చుంటారు, కద్దీష్ మగవాళ్ళే చెబుతారు. మీకది గుచ్చుకోవచ్చు. ఉదారవాద పద్ధతి కావాలంటే ముంబయిలోనే జూయిష్ రిలీజియస్ యూనియన్ ఉంది. దాన్ని 1925లో మొదలుపెట్టింది డాక్టర్ జెరూషా జిరాద్, మీ అమ్మగారి సమాజం ఆవిడే. కాన్పుల డాక్టరు, తర్వాత పద్మశ్రీ వచ్చింది. లండన్‌లో చదువుకునేటప్పుడు అక్కడి ఉదారవాద యూదుల దగ్గర చూసి తెచ్చుకున్న పద్ధతి అది. ఎక్కడికి వెళ్ళినా ముందుగా రాసి, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళండి. 2008 నవంబరులో ముంబయిలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగాక గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. అనుమానిస్తున్నారని నొచ్చుకోకండి.

ఠాణాకు కూడా వెళ్ళండి, కానీ సిద్ధపడి వెళ్ళండి. అమ్మగారు గుర్తున్నవాళ్ళు ఒకరిద్దరు బతికే ఉండొచ్చు. ‘ఫలానావాళ్ళ అమ్మాయి హిందువుని చేసుకుని పోయింది కదూ’ అన్న మాట మీ ముందే పడొచ్చు. ఆ మాట అన్న నోరే ఆవిడ చిన్ననాటి కబుర్లు కూడా చెబుతుంది. రెండూ కలిపే వస్తాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారట, వెళ్ళనా అని అడిగారు. ఉన్నారు. బెనే ఎఫ్రాయిం అంటారు, వాళ్ళకు సొంత సినగాగ్ ఉంది. వాళ్ళ చరిత్ర వేరు. మాదిగ పల్లె నుంచి, క్రైస్తవం మీదుగా తమ మూలాలు ఇవీ అని చెప్పుకుంటూ వచ్చినవాళ్ళు. ఇజ్రాయెల్ వాళ్ళను యూదులుగా ఇంకా గుర్తించలేదు. మీకు పుట్టుకతో దొరికిన గుర్తింపు కోసం వాళ్ళు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారని మనసులో పెట్టుకుని, అతిథిగా వెళ్ళండి. తెలుగులో ప్రార్థన వింటే మీకు ఎలా ఉంటుందో నాకూ తెలుసుకోవాలనుంది.

మూడో దారి, నియమాలన్నీ ఒక్కసారిగా పట్టుకోవడం. కోషర్ వంటిల్లు, శనివారం పూర్తి విశ్రాంతి, పిల్లలకు కూడా నేర్పడం. ఈ ఏడాది వద్దనే అంటాను. ఐదుగురికి వండే ఇంట్లో మీరు రాత్రికి రాత్రి గిన్నెలు వేరు చేస్తే అత్తగారికి అది అంటు పాటించినట్టు ఉంటుంది. బాబుకు శనివారం కోచింగ్ ఉంటుంది. రొయ్యలూ మాంసం తర్వాత పెరుగూ మీ కంచం వరకు మానుకోండి, అమ్మగారిలాగే. శుక్రవారం భోజనం అయ్యేదాకా మీ ఫోన్ సొరుగులో పెట్టండి. అది కూడా ఎంత కష్టమో చూద్దురుగాని.

పిల్లల విషయంలో మీవారిది పిచ్చి భయం కాదు. మగపిల్లాడికి సున్తీ అనే మాట ఆయన ఎక్కడో చదివే ఉంటారు. ‘వాళ్ళను నేనేమీ చెయ్యను, వాళ్ళు అడిగితే దాచను’ అని ఆయనకు స్పష్టంగా మాటివ్వండి. అమ్మమ్మ ఎవరో తెలుసుకునే హక్కు పిల్లలకుందని కూడా అదే పూట చెప్పండి. ‘నేను మారుతున్నాను’ అనకండి. ‘మా అమ్మ ఇన్నేళ్ళు మనింటికి వచ్చినప్పుడు కూడా శుక్రవారం దీపం పెట్టింది గుర్తుందా, అది ఇదీ’ అని మొదలుపెట్టండి. ఆయనకు ఆవిడంటే ఇష్టమని మీరే రాశారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇజ్రాయెల్ యుద్ధం మీద మిమ్మల్ని లాగుతారన్నది కూడా ఆయన టెన్షన్ల జాబితాలో ఉంది. దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఒక దేశ ప్రభుత్వం చేసేదానికి మీ బల్ల మీది దీపం బాధ్యత వహించదు.

అష్దోద్ ప్రయాణం గురించి ఒక్క మాట. చట్టప్రకారం మీకు హక్కు ఉంది. కానీ స్థిరపడితే వయసొచ్చిన పిల్లలకు అక్కడ సైనిక సేవ తప్పనిసరి అని మీ బంధువు చెప్పిందో లేదో. చుట్టపుచూపుగా వెళ్ళి రండి, మేనమామ సమాధి చూసి రండి. ఇల్లు మార్చే ఆలోచన దుఃఖంలో ఉన్న ఏడాదిలో వద్దు.

వరలక్ష్మీ వ్రతం దగ్గర మాత్రం మీకు నచ్చేలా చెప్పలేను. అన్నీ ఒకటేనని మనం అలవాటుగా అనేస్తాం. యూదు మతం అలా అనదు. ఒకే దేవుడు, రూపం లేదు, విగ్రహారాధన కూడదు అన్నది దాని ప్రాణం. అత్తగారికి పూర్ణాలు వండిపెట్టడం, పేరంటాళ్ళను పిలవడం, తాంబూలాలు అందించడం వేరు. పీట మీద మీరే కూర్చుని పూజ చెయ్యడం వేరు. మధ్యలో గీత ఎక్కడ గీసుకోవాలో మీ అమ్మగారు ఒక పద్ధతి చూపించారు, తాంబూలం తీసుకున్నారు, ప్రసాదం మీ చేతిలో పెట్టారు. మీరు వేరేచోట గీసుకోవచ్చు. రెండూ చేస్తాననుకుంటే చెయ్యండి, ఎవరూ వచ్చి పట్టుకోరు. కానీ సినగాగ్‌లో అడిగితే అది సరైనదేనని చెప్పేవాళ్ళు దొరకరు. వచ్చే శ్రావణం రాకముందే అత్తగారితో మాట్లాడండి. ఆవిడ ఏమీ అనలేదంటే చూడలేదని కాదు. మా పెద్దావిడలు అంత తేలిగ్గా ఏదీ వదలరు.

ఏడాది తర్వాత ఇదంతా చల్లబడి, దీపాలు మానేయాలనిపించవచ్చు. అలా అయితే నాటకం ఆడినట్టు కాదు. అమ్మ కోసం ఏడాది కూర్చున్నారు, లేచారు.

ఇక ఈ వారం పని. పుస్తకంలోంచి కలరా ఉండలు తీసేసి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. చిరిగిన పేజీకి సెలోటేప్ వేయకండి. పూర్తిగా పాడైనా పారేయకూడదు, దేవుడి పేరున్న పుస్తకాలను వాళ్ళు పాతిపెడతారు. చివరి అట్ట లోపలి రాత హిందీ అక్షరాలే కాబట్టి కూడబలుక్కుని చదువుతున్నానని, అర్థం సగమే తెలుస్తోందని రాశారు. అందులో ఒకటి మీ పుట్టినరోజు తేదీ అన్నారు. మిగతావి? కాచిగూడ, సుల్తాన్ బజార్ వైపు పాత మరాఠీ కుటుంబాలు బోలెడు. మొత్తం నెట్‌లో పెట్టి అడక్కుండా, ఎవరైనా ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చదివించుకోండి. వీలైతే మీవారిని కూడా తీసుకెళ్ళండి. బండి ఎలాగూ ఆయనే నడుపుతారు కదా.